పక్కపక్కన కూర్చుని గీయాలా, ఒకే గోడ మీద గీయాలా? బొమ్మల జట్టు పెట్టుకునేవాళ్లకి

"మేం ఆరేడుగురం ఉన్నామండి. అందరికీ బొమ్మలంటే ఇష్టం. కలిసి ఏదైనా చేద్దామనుకుంటున్నాం, ఏం చేస్తే బాగుంటుంది?" రాజమండ్రిలో మా ఆదివారపు జట్టు మొదలై ఆరేళ్లు కావస్తోంది కాబట్టి ఈ ప్రశ్న నా దగ్గరికి తరచూ వస్తుంటుంది. అడిగేవాళ్లు రంగుల గురించో, కాగితం గురించో, గోడ ఎక్కడ దొరుకుతుందనో మాట్లాడాలని వస్తారు. నేను మాత్రం ఎదురు ప్రశ్న వేస్తాను. మీరు గీసిన గీత మీద పక్కవాళ్లు వచ్చి ఇంకో గీత గీస్తే ఊరుకోగలరా?

"దానిదేముందండీ" అంటారు అందరూ. అన్నవాళ్లలో సగం మంది ఊరుకోలేరు. అందులో తప్పేం లేదు. కాకపోతే ఆ సంగతి ముందే తెలిస్తే ఏ పద్ధతి పట్టుకోవాలో తేలిపోతుంది. రంగులు, కాగితం, గోడ అన్నీ ఆ తర్వాత మాటలు. కలిసి బొమ్మలు వేయడానికి నాకు తెలిసినవి నాలుగు దారులు. ఒక్కో దారిలో మన గీతని ఇంకొకరి చేతికి ఎంత వదిలిపెట్టాలన్నదే తేడా. తక్కువ వదిలేదాని నుంచి మొదలుపెడతాను.

ఎవరి పుస్తకం వారిదే

ఒక చోటికి అందరూ చేరతారు, గంటన్నర గీస్తారు, చివర్లో పుస్తకాలు పక్కపక్కన పరిచి చూసుకుంటారు, ఇళ్లకి పోతారు. అంతే. అమెరికాలోని సియాటిల్‌లో గాబ్రియేల్ కాంపనారియో అనే పత్రికా చిత్రకారుడు 2007లో మొదలుపెట్టిన అర్బన్ స్కెచర్స్ ఇప్పుడు ప్రపంచమంతా పాకింది. దాని పద్ధతీ ఇదే. ఫోటో చూసి కాదు, అక్కడే కూర్చుని, కళ్ల ముందున్నదే గీయాలి. గీసింది పదిమందికీ చూపించాలి.

మేం మొదలుపెట్టింది ఇలాగే. పుష్కర ఘాట్ మెట్ల మీద, పొద్దున్న పావుతక్కువ ఏడుకి. ఎండాకాలం ఎనిమిదిన్నర దాటితే మెట్లు కాలిపోతాయి, నీటిరంగు కుంచె నుంచి కాగితం మీదికి వచ్చేలోపే ఆరిపోతుంది. ఎదురుగా వంతెనలు. 1900 నాటి పాత హేవలాక్ వంతెన మీద 1997 తర్వాత రైలు నడవలేదు. పక్కనే కమానుల వంతెన, దానికి 28 కమానులు. కొత్తగా వచ్చినవాళ్లు మొదటి వారం ఆ కమానులన్నీ గీసేయాలని చూస్తారు. ఏడో ఎనిమిదో గీసేసరికి కాగితం అయిపోతుంది. రెండో వారం మూడు గీసి, మిగతావి పొగమంచులో కలిపేస్తారు. ఆ కిటుకు ఎవరూ నేర్పక్కర్లేదు, పక్కవాళ్ల పుస్తకం చూస్తే చాలు.

ఈ పద్ధతిలో ఉన్న గొప్ప సుఖం ఏమిటంటే, ఎవరు రాకపోయినా పని ఆగదు. ముగ్గురొచ్చినా నడుస్తుంది, ముప్ఫైమంది వచ్చినా నడుస్తుంది. పెన్సిల్ పట్టడం రానివాళ్లు కూడా రావచ్చు, ఎందుకంటే వాళ్లు పాడుచేసేది వాళ్ల పేజీనే. ఖర్చంటారా, మా దగ్గర ఒక స్కెచ్ పుస్తకం, నీళ్లకి చెదరని సిరా పెన్ను కలిపి 500 రూపాయల లోపే అయింది. రెండు చెప్పాలి దీని లోపాలు. ఏడాది గడిచాక "మనం కలిసి చేసింది ఏదండీ?" అని ఎవరైనా అడిగితే చూపించడానికి ఒక్క వస్తువూ ఉండదు. రెండోది, పుస్తకాలు పరిచే ఆ పది నిమిషాలు ఎగ్గొడితే అది జట్టు కాదు, ఒకే బస్టాపులో నిలబడ్డ జనం. టిఫిన్‌కి ఆలస్యమవుతోందని మేం కొన్ని నెలలు ఎగ్గొట్టాం. వచ్చేవాళ్లు పదకొండు నుంచి నలుగురికి పడిపోయారు. ఇప్పుడు పుస్తకాలు పరవకుండా ఎవరినీ ఇడ్లీ దగ్గరికి పోనివ్వం.

పరిచాక ఏం మాట్లాడాలో కూడా ఒక మాట. "బాగుంది" అన్న ముక్క మేం నిషేధించాం. ఆ పేజీలో కంటికి మొదట ఏం కనపడిందో అది చెప్పాలి. "నీ పడవ కంటే దాని నీడ ముందు కనపడింది" అంటే గీసినవాళ్లకి ఎంతో పనికొస్తుంది. "సూపర్" అంటే ఏం పనికొస్తుంది?

చేతులు మారే పుస్తకం

వెనకటికి తెలుగు ఊళ్లలో లిఖిత పత్రికలుండేవి. కుర్రాళ్లు కథలు, పద్యాలు చేత్తో రాసి, బొమ్మలు వేసి, కుట్టి, ఒకే ఒక్క ప్రతి ఇల్లిల్లూ తిప్పేవారు. చివర్లో ఖాళీ కాగితాలు వదిలేవారు, చదివినవాళ్లు అభిప్రాయం రాయడానికి. పేరు తెచ్చుకున్న రచయితలు చాలామంది అక్కడ చెయ్యి తిప్పుకున్నవాళ్లే. చేతులు మారే బొమ్మల పుస్తకం దానికి తోబుట్టువు. ఒకరు ఒక పేజీ వేసి పక్కవాళ్లకిస్తారు. వాళ్లు ఎదురు పేజీలో దానికి జవాబుగా ఇంకోటి వేస్తారు. గీసిన బొమ్మ మీదే గీయరు, దాని పక్కన గీస్తారు. అంటే మన గీత మనదే, దాని అర్థం మాత్రం పక్కవాళ్ల చేతిలోకి పోతుంది. నేను ఒకసారి కడియం నర్సరీలో కుండీల వరస వేసి పంపాను. నా తర్వాతి ఆవిడ ఎదురు పేజీలో అవే కుండీలని అపార్ట్‌మెంటు బాల్కనీల్లో వేసి, అన్నీ ఎండిపోయినట్టు గీసింది. నా బొమ్మ అప్పటిదాకా వట్టి కుండీల బొమ్మే.

ఈ దారిలో వెళ్లేవాళ్లకి నా దగ్గర చాలా జాగ్రత్తలున్నాయి, ఎందుకంటే అన్ని తప్పులూ మేం చేసేశాం.

మొట్టమొదట, ఒకే పుస్తకం తిప్పకండి. ఎనిమిదిమంది, ఒక్కొక్కరికి పది రోజులు, మొత్తం 80 రోజులు అని లెక్క వేసుకున్నాం. మాకు అయిదు నెలలు పట్టింది. ఒకరి ఇంట్లో పెళ్లి, ఒకరికి ఆడిట్, ఒకరు "మంచి ఆలోచన రానీ" అని నెలంతా కూర్చున్నారు. పైగా అయ్యాక ఆ పుస్తకం ఎవరి దగ్గరుండాలన్నది పెద్ద తగువు. దానికి విరుగుడు, ఎనిమిదిమంది ఎనిమిది పుస్తకాలు మొదలుపెట్టడం. ప్రతి పదో రోజూ అందరూ ఒకేసారి కుడిపక్కవాళ్లకి ఇస్తారు. తిరిగి తిరిగి చివరికి ఎవరి పుస్తకం వాళ్ల ఇంటికే వస్తుంది, లోపల మిగతా ఏడుగురి బొమ్మలతో. తగువు లేదు. ఒకరు ఆలస్యం చేస్తే వాళ్ల వెనక పుస్తకాలు పేరుకుపోతాయి కాబట్టి సిగ్గుపడైనా ఇస్తారు.

కాగితం దగ్గర పీనాసితనం వద్దు. పెన్నుకైతే 200 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క) సరిపోతుంది. నీటిరంగు వేసేవాళ్లు ఒక్కరున్నా 300 తీసుకోండి, లేకపోతే పేజీ వంకర్లు పోయి వెనక పేజీవాళ్లు మిమ్మల్ని తిట్టుకుంటారు. బొగ్గు, ఆయిల్ పాస్టెల్ వేస్తే మధ్యలో బటర్ పేపర్ పెట్టాల్సిందే. పెట్టకపోతే ఎదురు పేజీ మీద అచ్చు దిగుతుంది. జెల్ పెన్నుతో గీసిన పేజీ మీద వర్షపు చుక్క పడ్డా అంతే సంగతులు. ఇంకొకటి, చేతులు మారే ముందు ప్రతి పేజీనీ స్కాన్ తీసి అందరికీ పంపండి. ఒక పుస్తకం మాకు ఆటోలో పోయింది. అందులో మా జట్టులో అందరికంటే పెద్దాయన, రిటైరైన రైల్వే ఉద్యోగి, సిగ్నల్ కేబిన్ లోపలి మీటలన్నీ జ్ఞాపకం మీద వేసిన రెండు పేజీలున్నాయి. మళ్లీ వేయండి అంటే ఆయన వేయలేదు.

డల్లాస్‌లోనో, మెల్‌బోర్న్‌లోనో, దుబాయ్‌లోనో ఉన్న పిల్లలతో కలిసి చేయాలనుకుంటే పుస్తకాన్ని దేశాలు తిప్పడం ఖర్చుకీ, గుండెకీ మంచిది కాదు. అందరూ ఒకే కొలత కాగితం, ఏ5 అనుకోండి, తీసుకుని విడివిడిగా వేయండి. ముందువాళ్ల బొమ్మ స్కాన్ చూసి తర్వాతివాళ్లు జవాబు వేస్తారు. అన్నీ అయ్యాక సెలవులకి వచ్చినప్పుడు కాగితాలు తెచ్చుకుని ఒకరింట్లో కుట్టించుకోవచ్చు.

చుక్కలు ఒకరివి, గీతలు అందరివి

సంక్రాంతి నెలలో పెద్ద ముగ్గు వేసేటప్పుడు చూడండి. ఒకావిడ చుక్కలు పెడుతుంది. మిగతావాళ్లు కలుపుతారు, పిల్లలు రంగులు నింపుతారు. "15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చేవరకు." ఈ ఒక్క వాక్యం వారపత్రికలో పడితే ఊరూరా అదే ముగ్గు వాకిళ్లలోకి వచ్చేస్తుంది, అయినా ఏ రెండూ ఒకలా ఉండవు. అమెరికా చిత్రకారుడు సోల్ లెవిట్ 1968 నుంచి ఇలాంటి సూచనలు రాసిచ్చి గోడల మీద ఇతరుల చేత గీయిస్తే అక్కడ అది కొత్త కళ అయింది. మన అమ్మమ్మలు నవ్వుకునేవారు.

శ్రీకాళహస్తి కలంకారీలోనూ పని ఇలాగే పంచుకుంటారు. కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరేసిన గుడ్డ మీద చేయి తిరిగినవాళ్లు చింతబొగ్గుతో బొమ్మ వేస్తారు. బెల్లం, తుప్పు ఇనుము ఊరేసిన నల్లనీళ్లతో గీత దిద్దుతారు. రంగులు నింపడం, పటిక పట్టించడం, ఉడకబెట్టడం, పారే నీళ్లలో ఉతకడం ఇంట్లో మిగతా చేతులు పంచుకుంటాయి. ఒక్క గుడ్డ ఎన్ని చేతుల మీదుగా వస్తుందో లెక్క పెట్టడం కష్టం. (ఈ అసలు పద్ధతిని ఆదివారం సరదాకి పెట్టుకోకండి. ఎండ, నీళ్లు, రోజుల కొద్దీ ఓపిక కావాలి. పని పంచుకునే తీరు నేర్చుకుంటే చాలు.)

చేయి తిరిగినవాళ్లు ఇద్దరే ఉండి, పాతిక ముప్ఫైమంది మామూలు మనుషులున్న చోట ఇంతకంటే మంచి దారి లేదు. అపార్ట్‌మెంటు, బడి, వృద్ధాశ్రమం ఇలాంటి చోట్లన్నమాట. మేం చేసింది చెప్తాను. గోదావరి మీద లాంచీ, వెనక పాపికొండలు ఉన్న ఒక బొమ్మని 24 గడులుగా విడగొట్టాం. ఒక్కో గడికీ అడుగు చదరం అట్ట. ఎవరికి ఏ ముక్క వచ్చిందో వాళ్లకే తెలియదు, వాళ్ల చేతిలో ఉన్నది నాలుగు గీతలున్న ఒక గడి మాత్రమే. కిటుకంతా అంచుల్లో ఉంది. ఒక గడిలోంచి పక్క గడిలోకి గీత ఎక్కడ దాటుతుందో అక్కడ రెండు అట్టల మీదా చుక్క పెట్టాలి. ఆ చుక్కలు కలిస్తే చాలు, మధ్యలో ఎవరు ఎలా గీసుకున్నా బొమ్మ నిలబడుతుంది. అంచు చుక్కలు మర్చిపోతే కొండ ఒక గడిలో ఆగిపోయి, పక్క గడిలో అరచెయ్యి కిందనుంచి మొదలవుతుంది. మాకూ ఒక కొండ అలాగే తెగింది, చూసినవాళ్లందరికీ ఆ తెగిన కొండే నచ్చడం వేరే సంగతి.

రంగు మాత్రం ఒకరే కలపాలి, పెద్ద డబ్బాలో. ఆకాశానికి ఎవరికి వాళ్లు నీలం కలుపుకుంటే 24 ఆకాశాలు వస్తాయి.

దీని లోపం నిజాయితీగా చెప్పాలంటే, నింపేవాళ్లకి కాసేపటికి కూలిపని చేస్తున్నట్టుంటుంది. పేరు గీత గీసినవాళ్లకే పోతుంది. అందుకని పని పంచేటప్పుడే అట్ట వెనక ఎవరి పేరు వాళ్లు రాసేలా చూడండి, మొత్తం బొమ్మని పెట్టేచోట ఆ పేర్లన్నీ అక్షరమాల వరసలో రాయండి. గీత గీసినవాళ్ల పేరూ ఆ వరసలోనే, పైన కాదు.

ఇందులోనే ఒక చిన్న పాయ ఉంది. చేశాక ఏదీ మిగలకుండా చేయడం. బతుకమ్మని చూడండి. తంగేడు, గునుగు, బంతి వరసలు వరసలుగా వాడకట్టంతా కూర్చుని పేర్చి, ఆడిపాడి, చెరువులో వదిలేస్తారు. ఎవరింట్లో ఉండాలి, ఎవరి పేరు పెట్టాలి అన్న తగువే పుట్టదు. జట్టు కొత్తది, ఒకరి మీద ఒకరికి ఇంకా నమ్మకం కుదరలేదు అనుకుంటే మొదటిసారి చాక్‌పీసుతో మేడ మీద బొమ్మ వేయండి. వాన వస్తే పోతుంది. మీ స్నేహం ఎలా ఉందో మాత్రం తెలుస్తుంది.

గోడ

అందరూ అడిగేది దీన్నే. గోడ మీద బొమ్మ అంటే ఊరంతా చూస్తుంది, ఫోటోలు దిగుతారు. హైదరాబాద్‌లో ఎం.ఎస్. మక్తా ఇళ్ల గోడల మీద 2016లో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ అనే వీధి చిత్రకళ సంస్థ వేయించిన బొమ్మలు చూశాక మా కుర్రాళ్లు కూడా ఊరుకోలేదు. నేను వద్దనను. కానీ నాలుగింటిలోకీ కష్టమైనది, ఖరీదైనది, జట్లని విడగొట్టేదీ ఇదే. మొదటి ఏడాదే గోడ జోలికి పోయిన జట్లు రెండు నా కళ్ల ముందే చెదిరిపోయాయి.

ముందు గోడ సంగతి. పాత సున్నం మీద ఎమల్షన్ (నీళ్లతో కలిపే గోడ రంగు) వేస్తే ఏడాది తిరిగేలోపు పెచ్చులుగా లేచిపోతుంది. సున్నం గీకించి, ప్రైమర్ పట్టించాల్సిందే. కొత్తగా ప్లాస్టరింగ్ చేసిన గోడైతే కనీసం 28 రోజులు ఆరనివ్వాలి. అడుగున మూడు నాలుగు అడుగుల ఎత్తులో చెమ్మ మరకలుంటే ఆ గోడ వదిలేయండి, లేదా బొమ్మని చెమ్మకి పైనుంచి మొదలుపెట్టండి. పడమటి ఎండ కొట్టే గోడ మీద ఎరుపులు, పసుపులు ముందు వెలిసిపోతాయి. కాలం చూసుకుంటే డిసెంబరు నుంచి ఫిబ్రవరి. జూన్‌లో మొదలుపెట్టినవాళ్ల మీద నాకు జాలి.

లెక్క. 10 అడుగుల ఎత్తు, 20 అడుగుల వెడల్పు గోడ అంటే 200 చదరపు అడుగులు. నున్నటి గోడ మీద రెండు పూతలకి లీటరు బయటి ఎమల్షన్ సుమారు 50, 60 చదరపు అడుగులు వస్తుంది. కాబట్టి నేపథ్యానికే నాలుగు లీటర్లు. పైన రంగులు లీటరు డబ్బాలు ఆరు, ప్రైమర్, కుంచెలు, రోలర్లు, టేపు, రెండు రోజులు పరంజా అద్దె. మాకు తొమ్మిది వేల చిల్లర అయింది, పెసరట్లు కాకుండా. చందాలు ముందే వసూలు చేయండి. గోడ పూర్తయ్యాక వసూలు చేయడం నా వల్ల కాలేదు.

ఇక మనుషుల సంగతి. గోడ మీద ఎవరి గీత ఎక్కడ ఆగుతుందో చెప్పే అంచు ఉండదు. నేను పొద్దున్న వేసిన చెట్టు కొమ్మ మీద మధ్యాహ్నం ఒకరు చిలకని కూర్చోబెడతారు. సాయంత్రం ఇంకొకరు ఆ చిలక బాగాలేదని ఆకుపచ్చతో మూసేస్తారు. ఇది ఎవరి తప్పూ కాదు, గోడ స్వభావమే అంత. అందుకే గోడకి ఒక్కరు మేస్త్రీ ఉండాలి, ఆ ఒక్కరి మాటే చివరి మాట అని అందరూ ముందు ఒప్పుకోవాలి. అందరూ సమానమే అనుకుంటూ మొదలైన గోడ నాలుగో రోజుకి నాలుగు బొమ్మలవుతుంది. ఆరుగురికి మించి ఒకేసారి గోడ దగ్గర ఉండకూడదు. మిగతావాళ్లు రంగు కలుపుతారు, నిచ్చెన పట్టుకుంటారు, దూరంగా రోడ్డుకి అవతల నిలబడి "కుడివైపు బరువైపోయింది" అని చెప్తారు. ఆ ఆఖరి పని చిన్నదేం కాదు. గోడకి అడుగు దూరంలో ఉన్నవాళ్లకి బొమ్మ కనపడదు.

ఒకటి గుర్తుపెట్టుకోండి, బొమ్మ మనదే కానీ గోడ మనది కాదు. మేం ఒక బడి ప్రహరీ మీద పదిహేను రోజులు కష్టపడి వేశాం. తర్వాతి వేసవిలో ఎవరో పెద్దలు వస్తున్నారని రాత్రికి రాత్రి దాని మీద లేత గులాబీ డిస్టెంపర్ కొట్టేశారు. మాకు కబురు కూడా లేదు. అప్పుడు తెలుసుకున్నాను, మన దేశంలో ఇలాంటి దానికి ఒక పెద్ద తీర్పు ఉందని. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేసిన పెద్ద కంచు కుడ్యశిల్పాన్ని 1979లో పీకి గోదాములో పడేశారు. ఆయన కోర్టుకెక్కారు. 2005లో ఢిల్లీ హైకోర్టు కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ కింద ఆయన నైతిక హక్కుని (తన పనిని పాడుచేస్తే అడిగే హక్కుని) గుర్తించి, మిగిలిన ముక్కలు తిరిగి ఇవ్వమంది, 5 లక్షల పరిహారమూ ఇమ్మంది. పాతికేళ్లు పట్టింది. పదిహేను రోజుల గోడ కోసం మనం అంత దూరం పోలేం. కానీ మొదలుపెట్టే ముందు ఒక కాగితం రాసుకోవచ్చు. బొమ్మ ఎన్నేళ్లు ఉంచుతారు, చెరపాలంటే నెల ముందు చెప్తారా, మరమ్మతు రంగు ఎవరు కొంటారు. మూడు వాక్యాలు, రెండు సంతకాలు. ఆ కాగితం అడిగితే మొహం మాడ్చుకునేవాళ్ల గోడ మనకెందుకు?

పేరు, డబ్బు, ఫోన్

ఎవరిది ఏ భాగమో విడదీసి చెప్పలేనంతగా కలిసి చేసిన దాన్ని చట్టం ఉమ్మడి రచన అంటుంది. హక్కు అందరిదీ, వాళ్లలో చివరగా కన్నుమూసినవాళ్ల తర్వాత 60 ఏళ్ల దాకా. అంటే ఆ గోడ బొమ్మని ఎవరైనా క్యాలెండర్‌కి కొంటామంటే ఒకరు ఊ అనేసి డబ్బు జేబులో వేసుకోవడం కుదరదు. చేతులు మారే పుస్తకంలోనూ, పక్కపక్కన పద్ధతిలోనూ ఈ చిక్కు లేదు, ఎవరి పేజీ వాళ్లదే. గడుల బొమ్మ మధ్యస్తం. అట్ట ఎవరిదో తెలుసు, మొత్తం ఎవరిదో ముందే అనుకోవాలి.

సొసైటీగా రిజిస్టర్ చేసుకోవాలా అని చాలామంది అడుగుతారు. ఆంధ్రప్రదేశ్‌లో 2001 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురుంటే చేసుకోవచ్చు. గ్రాంటుకి దరఖాస్తు పెట్టాలన్నా, బ్యాంకులో జట్టు పేరున ఖాతా కావాలన్నా పనికొస్తుంది. లేకపోతే వద్దు. అధ్యక్షుడు, కార్యదర్శి అని పదవులొచ్చాక బొమ్మలు తగ్గిన జట్లున్నాయి.

కలిసి గీయడంతో పాటు కలిసి బతకాలనుకునేవాళ్లకి ఉదాహరణ చెన్నై శివార్లలోని చోళమండలం. 1966లో చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్, ఆయన శిష్యులు కలిసి సముద్రం పక్కన స్థలం కొనుక్కుని పెట్టుకున్న చిత్రకారుల ఊరు. బాతిక్ (మైనం పూసి రంగు అద్దే) గుడ్డలు, చేతిపనులు చేసి అమ్మిన డబ్బుతో నిలదొక్కుకున్నారు. గమనించండి, అక్కడా పొట్టకూటి పనే ఉమ్మడిగా చేశారు, సొంత బొమ్మలు ఎవరివి వాళ్లు వేసుకున్నారు.

ఫోన్‌లో పంచుకోవడం గురించి రెండే మాటలు. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే బొమ్మ నలిగిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. ఇంకొకరి పేజీని మీ ఖాతాలో పెట్టేముందు వాళ్లని అడగండి, పేరు రాయండి. మా జట్టులో ఒకే ఒక్క పెద్ద గొడవ దీని మీదే జరిగింది.

మరి ఎవరికి ఏది?

కొత్త జట్టయితే, అడిగిన పదిమందిలో ఎనిమిదిమందికి నేను చెప్పేది పక్కపక్కన పద్ధతే. ఆరు నెలలు అలా కూర్చోండి. ఒకరి చెయ్యి ఒకరికి తెలుస్తుంది, ఎవరు సమయానికి వస్తారో, ఎవరు మాటిచ్చి మాయమవుతారో తెలుస్తుంది. ఉద్యోగాలతో ఆదివారం కూడా కుదరనివాళ్లు, దూరదేశాల్లో ఉన్నవాళ్లు ఉంటే పుస్తకాలు తిప్పండి. రాత్రి పదకొండింటికి కూర్చుని వేసుకోవచ్చు. పిల్లలు, పెద్దలు, చేయి తిరిగినవాళ్లు, తిరగనివాళ్లు అందరూ కలగలిసి ఉండి, ఒక పండక్కో వార్షికోత్సవానికో ఏదో ఒకటి తయారై తీరాలంటే గడుల బొమ్మ. గోడ మాత్రం, పై మూడింట్లో కనీసం ఒకటి చేసి, ఒకరితో ఒకరు కనీసం ఒక్కసారి పోట్లాడి, మళ్లీ కలిసి టీ తాగినవాళ్లకే.

ఏది ఎంచుకున్నా రెండో మనిషి ఉన్నారా అని చూసుకోండి. మా ఊరి చిత్రకారుడు దామెర్ల రామారావు 1925లో మశూచి సోకి పోయేనాటికి 28 ఏళ్లు కూడా నిండలేదు. ఆయన పెట్టిన చిత్రకళాశాల అక్కడితో ఆగిపోలేదంటే, మిత్రుడు వరదా వెంకటరత్నం దాన్ని భుజాన వేసుకోబట్టే. ఇప్పుడు రామారావు పేరున ఉన్న గ్యాలరీకి వెళ్లినప్పుడల్లా నాకు ఆ రెండో పేరే గుర్తొస్తుంది. మీ జట్టుని నడిపేవాళ్లు రెండు నెలలు ఊళ్లో లేకపోతే ఆదివారం ఘాట్ దగ్గరికి రమ్మని అందరికీ కబురు పెట్టేదెవరు?

ఇంకా తేల్చుకోలేకపోతే అరగంట పరీక్ష ఒకటుంది. 1925 ప్రాంతంలో పారిస్‌లో సర్రియలిస్టులు, అంటే కలల్లాంటి వింత బొమ్మలు, రాతలు చేసిన కళాకారులు, ఆడుకున్న ఆట ఇది. ఒక ఏ4 కాగితాన్ని అడ్డంగా మూడు మడతలు పెట్టండి. మొదటివాళ్లు పై మడతలో తల గీసి, మెడ గీతలు రెండు మాత్రం కిందికి జార్చి, మడిచి ఇచ్చేస్తారు. రెండోవాళ్లు తల చూడకుండా మొండెం, మూడోవాళ్లు కాళ్లు. తర్వాత విప్పి చూసుకోవాలి. ముగ్గురేసి చొప్పున నాలుగు కాగితాలు ఆడించండి. విప్పగానే ఎవరు పగలబడి నవ్వారో వాళ్లని గోడకి రాసుకోండి. ఎవరు తమ ముక్క ఎక్కడుందా అని ముందు వెతుక్కున్నారో వాళ్లకి పుస్తకాలు తిప్పే పద్ధతి సరిపోతుంది. "అంత శ్రద్ధగా తల వేస్తే దానికి ఈ మొండెమా!" అన్నవాళ్లని మాత్రం వాళ్ల పుస్తకంతో వాళ్లని హాయిగా పక్కన కూర్చోనివ్వండి.

మా జట్టులో ఆ మాట అన్నది నేనే. గోడ పని వచ్చినప్పుడు మావాళ్లు నాకు రోడ్డుకి అవతల కుర్చీ వేస్తారు, కుడివైపు బరువైందో లేదో చెప్పడానికి.